భారం, బరువు: క్లౌ ఆత్మకథనం, జాషువ ‘గబ్బిలం’లలో కష్టాన్ని పంచుకొనే కరుణ

వ్యాససంగ్రహం:
క్రైస్తవ కరుణను తెలుగు సాహిత్యవిమర్శ ఎక్కువగా సేవ, దయ, దానం అన్న మాటలతోనే వివరించింది. ఎదుటివాని కష్టంలో పాలుపంచుకోవడం అన్న అర్థం ఆ భావనకు మూలంలోనే ఉంది. 1876-78 కరవుకాలపు ఒంగోలు ప్రాంతాన్ని చిత్రించిన జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథనాన్ని, గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941) కావ్యాన్ని పక్కపక్కన ఉంచి, ఆ అర్థం ఏ రచనలో ఎంతవరకు నిలబడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెండింటిలోనూ కేంద్రంగా ఉన్నది చెప్పులు కుట్టే మనిషే. ఒకదానిలో అతని గురించి ఇతరులు చెప్పారు. రెండవదానిలో అతడే చెప్పుకొన్నాడు.

కీలకపదాలు: కనికరం, సహానుభూతి, కరుణరసం, క్లౌ, జాషువ, గబ్బిలం, సందేశకావ్యం, మాదిగ జీవితం.

1. ప్రవేశిక

గలతీయులకు పౌలు రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో, మూడు వచనాల ఎడంలో, పైకి పరస్పర విరుద్ధంగా తోచే రెండు మాటలున్నాయి. రెండవ వచనం ఒకరి భారాలను మరొకరు మోయమంటుంది. అయిదవ వచనం ఎవరి బరువు వారే మోసుకోవాలంటుంది. గ్రీకు మూలంలో ఈ రెండు చోట్లా వాడిన పదాలు వేరు. ప్రసిద్ధమైన తెలుగు అనువాదం ఆ తేడాను జారవిడువలేదు. మొదటిచోట ‘భారము’, రెండవచోట ‘బరువు’ అన్న పదాలను వాడింది. వ్యవహారంలో ఈ రెండూ పర్యాయపదాలే. తత్సమానికి ఒక అర్థచ్ఛాయనూ తద్భవానికి మరొక ఛాయనూ కేటాయించిన ఆ అనువాదకుల మెలకువను మెచ్చుకోవలసిందే.

మనిషిని నేలకు కుంగదీసేది భారం. మనిషి తన బాధ్యతగా, తన గౌరవంగా మోసేది బరువు. మొదటిదాన్ని పంచుకోకపోతే కరుణ లేదు. రెండవదాన్ని లాగేసుకొంటే అది కూడా కరుణ కాదు, ఎదుటివాని మనిషితనాన్ని తగ్గించడమే. క్రైస్తవ సేవను గురించి తెలుగులో వచ్చిన రచనలలో మొదటి అంశంపై ఉన్నంత శ్రద్ధ రెండవదానిపై కనబడదు. ఆసుపత్రులు, బడులు, అనాథాశ్రమాల జాబితా ఇచ్చి ముగించే వ్యాసాలకు కొదవ లేదు. తీసుకొన్నవాడు ఆ సేవను ఎలా అనుభవించాడన్న ప్రశ్నను మాత్రం అవి అరుదుగా వేశాయి.

2. కరుణరసం, కనికరం

‘కరుణ’ అన్న మాటను అలంకారశాస్త్ర సంస్కారంతో చదివే పాఠకునికి ముందుగా స్ఫురించేది కరుణరసం. దాని స్థాయి శోకం. అయితే ఆ శోకం రసమయ్యేది దూరం వల్లనే. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు పెంపొందించిన సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం రంగస్థలం మీది దుఃఖం ‘నాది’ కాదు, ‘పరునిది’ కూడా కాదు. అందుకే సహృదయుడు ఆ దుఃఖాన్ని ఆస్వాదించగలుగుతాడు. ఆస్వాదించిన తరువాత అతడు లేచి ఏదో చేయాలన్న నిబంధన శాస్త్రంలో లేదు. ఇది శాస్త్రానికి లోపం కాదు, ఆ శాస్త్రం లక్ష్యం వేరు.

సువార్తలలో ‘కనికరపడి’, ‘జాలిపడి’ అని తెలుగైన గ్రీకు క్రియకు మూలం పేగులు, అంతరాలు అన్న అర్థమిచ్చే నామవాచకం. తెలుగువారి ‘కడుపు తరుక్కుపోవడం’ దీనికి చాలా దగ్గర. మొదటి మూడు సువార్తలలో ఈ క్రియ ఎక్కువగా క్రీస్తుకే వర్తించింది. ఉపమానాలలో మూడు పాత్రలకు వర్తించింది: అప్పు మాఫీ చేసిన యజమాని, తప్పిపోయిన కుమారుని తండ్రి, దారిలో పడి ఉన్నవానిని చూచిన సమరయుడు. ఈ మూడు సందర్భాలలోనూ క్రియ అనుభూతి దగ్గర ఆగలేదు. ఒకడు అప్పు వదులుకొన్నాడు, ఒకడు పరుగెత్తాడు, ఒకడు గాయాలు కట్టాడు.

సమరయుని కథలో సాధారణంగా గుర్తించని సంగతులు రెండున్నాయి. యూదుల దృష్టిలో సమరయుడు అంటరానివానితో సమానం. ఆ కథ విన్న తొలి శ్రోతలకు కరుణ చూపినవాడు తమకంటె పైనున్న దాత కాడు, తాము ఈసడించుకొనే మనిషి. రెండవది, అతడు సత్రం యజమానికి రెండు దేనారాలిచ్చి, అంతకు మించి ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. అంటే పరాయివాని కష్టాన్ని అతడు తన పేర అప్పుగా రాయించుకొన్నాడు. ఈ ‘అప్పు’ అన్న భావన జాషువ దగ్గర మళ్ళీ ఎదురవుతుంది.

3. కాలువ గట్టు మీద

జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు అందులో ఎనిమిదిమంది సభ్యులు. ఆయన మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వేయరుగా పనిచేశాడు. ఆయన కథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ పేరుతో 1914లో వెలువడింది. అప్పటికి క్లౌ మరణించి నాలుగేళ్ళు. ఆయన కోసం ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దానిని రాసిపెట్టింది. కథనం మాత్రం ఉత్తమపురుషలో, క్లౌ గొంతులో సాగుతుంది. అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి సిద్ధాంతకర్తగా పేరుపొందిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఎమ్మా సోదరి. శీర్షికలోని ‘సోషల్’ అన్న మాట వెనుక ఈ బంధుత్వం ఉన్నదని గమనించాలి.

ఆ గ్రంథంలో ఒక ఘట్టం తరచూ ఉదాహృతమవుతుంది. ఒంగోలు బడిలో చదువుతున్న అగ్రవర్ణాల విద్యార్థులు, మాదిగలను చేర్చుకొంటే తాము బడి మానేస్తామన్నారు. ఎటూ తేల్చుకోలేని క్లౌ బైబిలు తెరిచాడు. లోకం నీచులుగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడని చెప్పే కొరింథీ పత్రిక భాగం కనబడింది. వేరే గదిలో ఉన్న ఆయన మొదటి భార్యకు కూడా అదే భాగం తారసపడింది. భక్తులు దీనిని దైవసంకేతంగా చదువుతారు. సాహిత్యపాఠకునికి మరొక సంగతి ముఖ్యం. క్లౌ ఇక్కడ కొత్తగా ఏదీ ఇవ్వలేదు, తనకున్న పరపతిని కోల్పోయాడు. పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయారు. తక్కువవారితో నిలవడానికి కట్టవలసిన మూల్యం ఆ రోజున బడి రూపంలో వసూలైంది.

గ్రంథంలో అత్యంత బలమైన భాగం కరవు అధ్యాయాలు. 1876-78లో మద్రాసు రాజధానిని కరవు కబళించింది. భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877లో సహాయపనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం స్థాయికి తగ్గించాడు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ విలియం కార్నిష్ దానిని వ్యతిరేకించాడు. ఆ కాలంలోనే బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగింది. క్లౌ అందులో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. పాత సర్వే విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. తన తెలుగు బోధకులను మేస్త్రీలుగా నియమించాడు. కూలీలు పార, గంప దించి విశ్రమించిన వేళల్లో బోధకులు వారి పక్కన కూర్చుని మాట్లాడేవారు. అక్కడ తాను మళ్ళీ మళ్ళీ చెప్పిన వాక్యం ఒకటేనని క్లౌ కథనం చెబుతుంది: ప్రయాసపడి భారం మోసేవారికి విశ్రాంతినిస్తానన్న క్రీస్తు పిలుపు. చర్చిలో ఆ మాటకు ఆధ్యాత్మికార్థమే ముందుగా తోస్తుంది. నెత్తిన మట్టి గంపతో గట్టెక్కే మనిషికి ‘భారం’ అన్న పదంలో ఉపమ లేదు. పదం తన వాచ్యార్థాన్ని తిరిగి పొందిన అరుదైన సందర్భమిది.

ఇక్కడ రెండు నిర్ణయాలను విడిగా చూడాలి. మొదటిది, తిండిని దానంగా కాక కూలిగా ఇవ్వడం. కూలి అందుకొన్నవాడు ఎవరికీ తలవంచనక్కర లేదు. అతని బరువు అతని దగ్గరే ఉంది, భారం మాత్రం పంపకమైంది. రెండవది మరింత కష్టమైన నిర్ణయం. కరవు సాగినంతకాలం, సుమారు పదిహేను నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న నింద రాకూడదని, వచ్చినవారికీ ఆ అనుమానం మిగలకూడదని ఆయన ఉద్దేశం. సహాయపు పనులు ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆనాడు నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులవారీగా.

ఈ సంఖ్యను మిషను చరిత్రలన్నీ సగర్వంగా ఉటంకిస్తాయి. కరుణను గురించి ఆలోచించేవారికి ఆ సంఖ్యకంటె ముందటి పదిహేను నెలల మౌనమే ఎక్కువ చెబుతుంది. చేతిలో అన్నం ఉన్నవాడు ఆకలిగొన్నవాని నమ్మకాన్ని కొనకుండా ఆగడం సులభం కాదు. అయినా ఒక సందేహం మిగులుతుంది. కాంట్రాక్టరు, మేస్త్రీ, కూలీ అన్న మెట్లు ఆ శిబిరంలోనూ ఉన్నాయి. క్లౌ గుడారంలో నివసించాడు, కూలీల రోగాలకూ చావులకూ సాక్షిగా నిలిచాడు. గంప మాత్రం ఆయన నెత్తిన లేదు. పాలుపంచుకోవడానికి కూడా ఒక హద్దు ఉన్నదని ఆ గ్రంథం చెప్పకనే చెబుతుంది. ఆ హద్దును దాచిపెట్టే ప్రయత్నం చేయకపోవడం దాని నిజాయితీ.

4. ఎవరి గొంతు?

ఎమ్మా అంతకుముందే, 1899లో, ‘వైల్ సోయింగ్ శాండిల్స్’ అన్న పుస్తకం ప్రచురించింది. ‘చెప్పులు కుడుతూ’ అన్న ఆ శీర్షికే మాదిగ వృత్తిని సూచిస్తుంది. యర్రగుంట్ల పేరయ్య వంటివారి జీవితాలను, క్రైస్తవానికి ముందు వారిలో ఉన్న యోగమార్గపు అన్వేషణలను ఆమె శ్రద్ధగా నమోదు చేసింది. మాదిగలను చీకటిలో పడి ఉన్నవారిగా కాక, అప్పటికే సత్యాన్ని వెదుకుతున్నవారిగా చూపడం ఆనాటి మిషనరీ సాహిత్యంలో చెప్పుకోదగిన విశేషం. పేరయ్యకు క్లౌ దారి చూపించాడనడం ఎంత నిజమో, ఆ ప్రాంతపు పల్లెలకు క్లౌను నడిపించినవాడు పేరయ్య అనడం కూడా అంతే నిజం.

అయినా ఆ రెండు పుస్తకాలలోనూ మాదిగవాని మాట ఆంగ్లంలోకి, మరొకరి వాక్యంలోకి మారిన తరువాతే పాఠకునికి చేరుతుంది. క్లౌ గొంతుకు ఎమ్మా చేయి, పేరయ్య గొంతుకు ఎమ్మా చేయి. ఇరువురిలో ఒకరి పేరు ముఖపత్రం మీద రచయితగా నిలిచింది, రెండవవారు కథలో పాత్రగా మిగిలారు. కరుణ నిజమైనదైనా చెప్పే అధికారం పంపకం కాలేదు. కష్టంలో పాలుపంచుకోవడమంటే ఆ కష్టాన్ని చెప్పుకొనే హక్కును కూడా పంచుకోవడమేనా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. దానికి సమాధానం ఆ మిషను పరిధిలో దొరకదు. వినుకొండలో, 1895లో పుట్టిన కవి దగ్గర దొరుకుతుంది.

5. గబ్బిలం: సమరయుని స్థానంలో ఒక పక్షి

జాషువ తల్లి లింగమ్మ మాదిగ, తండ్రి వీరయ్య యాదవుడు. పేదరికం, కులభేదం తన ఇద్దరు గురువులని, ఒకటి సహనం నేర్పితే మరొకటి ఎదిరించే శక్తినిచ్చిందని ఆయన చెప్పుకొన్న సంగతి సుప్రసిద్ధం. హైందవ కథావస్తువులతో కావ్యాలు రాసినందుకు స్వమతస్థుల ఆగ్రహానికి కూడా గురయ్యాడని ఆయన జీవితకథకారులు పేర్కొన్నారు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. క్రైస్తవ కరుణను జాషువలో వెదికేవారు సహజంగానే ఆ కావ్యం వైపు వెళతారు. ఇక్కడ ‘గబ్బిలం’ను ఎంచుకోవడానికి కారణం ఉంది. అందులో క్రీస్తు లేడు, ఉన్నది శివుడు. మతం పేరు లేనిచోట కరుణ స్వరూపం మరింత స్పష్టంగా కనబడుతుంది.

కథ అందరెరిగినదే. తంజావూరు ప్రాంతంలో, రఘునాథనాయకుని కాలంలో నివసించే ఒక అరుంధతీసుతుడు రాత్రివేళ తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన గోడు చెప్పుకొంటాడు. దానిని కాశీ విశ్వనాథుని దగ్గరకు దూతగా పంపుతాడు. తనకు గుడిలో ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. పూజారి లేని వేళ చూసి శివుని చెవిలో తన కథ వినిపించమంటాడు. ‘మేఘసందేశం’తో పోలిక ప్రతి విమర్శకుడూ ప్రస్తావించినదే. యక్షునిది విరహం, ఇతనిది ఆకలి అన్న భేదం కూడా పాతదే. దూత ఎంపికలోని భేదానికి రావలసినంత ప్రాధాన్యం రాలేదు.

కాళిదాసు యక్షుడు మేఘాన్ని వేడుకొనే ముందు దాని వంశాన్ని పొగడుతాడు. ఉన్నతుని అడిగి లేదనిపించుకొన్నా మేలే, అధముని అడిగి పొందడం మేలు కాదన్నది అతని నీతి. జాషువ నాయకుడు ఈ నీతిని తలకిందులు చేశాడు. ఇంట్లోకి వస్తే అశుభమని లోకం తరిమే ప్రాణిని అతడు ఎంచుకొన్నాడు. పక్షిజాతిలో చేరీ చేరని, పగటి వెలుగుకు నోచుకోని, తలకిందులుగా వేలాడే జీవి అది. అతని గుడిసెకు వచ్చి అతని మాట విన్నది అదొక్కటే. సువార్త కథలో యాజకుడు, లేవీయుడు పక్కగా వెళ్ళిపోతే ఈసడింపు పొందిన సమరయుడు ఆగాడు. ‘గబ్బిలం’లోనూ అగ్రవర్ణసమాజమంతా పక్కగా వెళ్ళిపోగా ఆగినది నింద మోసే మరొక ప్రాణి. కవి దీనిని ఉద్దేశపూర్వకంగా సమరయుని కథ నుంచి తీసుకొన్నాడని చెప్పడానికి ఆధారం లేదు. అలా చెప్పవలసిన అవసరమూ లేదు. కరుణ పైనుంచి కిందికి కాక పక్కనుంచి పక్కకు ప్రవహిస్తుందన్న అవగాహన రెండు కథలకూ సమానం.

రెండవ విశేషం మరింత ముఖ్యమైనది. ఈ కావ్యంలో మాదిగవాడు తీసుకొనేవాడు కాడు, ఇచ్చేవాడు. అతని రెక్కల కష్టం లేకపోతే పంట పండదని, లోకానికి అన్నం పెట్టే అతనికే తిండి లేదని కవి చెబుతాడు. చెప్పులు కుట్టి బ్రతికే అతని సేవకు భరతభూమే అప్పుపడి ఉన్నదంటాడు. తెలుగు కవిత్వంలో దయకు పాత్రుడైన మనిషి అప్పిచ్చినవానిగా మారిన క్షణం ఇది. క్లౌ దానాన్ని కూలిగా మార్చాడు. జాషువ ఆ కూలి లెక్కను కూడా తిరగేసి, చెల్లించవలసినది మిగిలే ఉన్నదని చూపాడు. సమరయుడు పరాయివాని కష్టాన్ని తన అప్పుగా రాసుకొన్నట్లే, ఈ కావ్యం చదివిన సహృదయుడు రసాస్వాదంతో పుస్తకం మూసివేయలేడు. అతని పేర ఒక ఖాతా తెరుచుకొని ఉంటుంది. సాధారణీకరణ ఇక్కడ విఫలమవుతుంది. విఫలం కావాలనే కవి కోరుకొన్నట్లు తోస్తుంది.

చీమలకు చక్కెర వేసే, పాములకు పాలు పోసే ధర్మం మనిషి దగ్గరకు వచ్చేసరికి ముఖం తిప్పుకొంటుందన్న ఎత్తిపొడుపు కూడా ఈ కోణంలోనే చదవాలి. ఈ సమాజంలో జాలి లేదని అతడు అనడంలేదు. జాలి పుష్కలంగా ఉంది. అది ఖర్చులేనిచోట మాత్రమే ప్రవహిస్తున్నది. చీమ పక్కన కూర్చోమని అడగదు. కర్మసిద్ధాంతం ఆ జాలికి మరో సౌకర్యం కలిగించింది. ఎదుటివాని కష్టం అతని పూర్వజన్మ ఫలమైతే అందులో పాలుపంచుకోవలసిన పని ఎవరికీ లేదు. అంటే అక్కడ భారాన్ని కూడా ‘ఎవరి బరువు వారిదే’ అన్న లెక్కలో కలిపేశారు. పౌలు వేరుచేసిన రెండు పదాలు ఒకటైపోతే ఏమవుతుందో ‘గబ్బిలం’ నాయకుని జీవితమే చెబుతుంది.

6. విన్నపమా, ధిక్కారమా

దళిత సాహిత్య విమర్శలో జాషువ గొంతు విన్నపం దగ్గరే ఆగిందా అన్న చర్చ చాలాకాలంగా ఉంది. నాయకుడు తిరగబడడు, సందేశం పంపుతాడు, అదీ దేవునికి. ఈ ఆక్షేపణ తేలికగా తోసిపుచ్చదగినది కాదు. పద్యపు ఒడుపు, ప్రబంధమర్యాద కోపాన్ని కొంత మెత్తబరిచిన మాట నిజం. దూతకు దారి చెబుతూ కవి చారిత్రకస్థలాల వర్ణనలో మునిగిపోయిన పద్యాలలో నాయకుని ఆకలిని పాఠకుడు కాసేపు మరచిపోతాడు కూడా.

అయితే ‘విన్నపం’ అన్నమాట వాడేటప్పుడు ఎవరి ముందు, ఎవరి ద్వారా అన్నది చూడాలి. నాయకుడు రాజును అడగలేదు, పూజారిని అడగలేదు, ధనికుని దయ కోరలేదు. పూజారి లేని వేళను ఎంచుకోమనడంలోనే మధ్యవర్తుల తిరస్కారం ఉంది. పైగా అతడు కోరింది అన్నమో వస్త్రమో కాదు, తన కథ వినడం. క్లౌ శిబిరంలో కూలీలకు అన్నం దొరికింది, పని దొరికింది, ఓదార్పు దొరికింది. తమ కథను తమ మాటల్లో రాసుకొనే అవకాశం దొరకలేదు. ఆ శిబిరానికి ఆరు దశాబ్దాల తరువాత, అదే కులపు తల్లికి పుట్టిన కవి ఆ లోటును పూరించాడు. మిషనరీ చరిత్రలను, దళిత కావ్యాలను వేర్వేరు అరలలో ఉంచి చదివే అలవాటు వల్ల ఈ కొనసాగింపు మరుగున పడింది. విశ్వవిద్యాలయాలలో మొదటివి చరిత్రశాఖకు, రెండవవి తెలుగుశాఖకు చెందడం ఇందుకు కొంత కారణం.

జాషువను బలవంతంగా క్రైస్తవకవిని చేయడం కూడా ఆయనకు అన్యాయమే. తాను విశ్వనరుణ్ణని ఆయనే ప్రకటించుకొన్నాడు. అయితే కష్టపడేవాని పక్కన నిలవడం అంటే ఏమిటో సువార్త కథలు చెప్పిన తీరుకు, ‘గబ్బిలం’ చెప్పిన తీరుకు ఉన్న పోలిక మతప్రచారానికి సంబంధించినది కాదు, కథాసంవిధానానికి సంబంధించినది. రెండుచోట్లా నిలిచినవానికి చేతిలో పెద్దగా ఏమీ లేదు. సమరయునికి కాస్త నూనె, ద్రాక్షారసం, ఒక వాహన పశువు ఉన్నాయి. గబ్బిలానికి అవి కూడా లేవు, రెండు రెక్కలు, వినే చెవులు తప్ప. శివుడు ఆ కథ విన్నాడా, బదులేమైనా చెప్పాడా అన్నదానికంటె, చీకటిలో వచ్చిన ఆ ప్రాణి వెంటనే ఎగిరిపోకుండా ఆ గుడిసెలో అంతసేపు నిలిచి విన్నదన్న సంగతి మీదనే కావ్యమంతా ఆధారపడి ఉంది.